ముడిసరుకు కంపెనీకి చోటు వెతుకులాట: ఈవ్ ఆన్‌లైన్ ప్రాజెక్టు డైరీ

రోజు 1

బావా నేనూ కలిసి నిన్న రాత్రి కార్పొరేషన్ పెట్టాం. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో కంపెనీని అలాగే అంటారు. ప్రస్తుతానికి సభ్యులం ఇద్దరమే. పని కూడా ఒక్కటే: గ్రహాల మీంచి ముడిసరుకు తీయడం, అక్కడే కాస్త శుద్ధి చేయడం, ఆటలోని పెద్ద మార్కెట్ అయిన జీటాకు తెచ్చి అమ్మడం. పేరు పావుగంటలో కుదిరింది. చోటు మాత్రం ఇంకా కుదరలేదు. అది కుదిరేదాకా ఈ డైరీ రాస్తాను.

ఆస్టరాయిడ్ బెల్టులు ఉండగా గ్రహాలెందుకని బావ అడిగాడు. బెల్టులో వెల్డ్‌స్పార్ లాంటి ఖనిజం తవ్వాలంటే తవ్వినంతసేపూ మనిషి ఓడలో కూర్చోవాలి. మా ఇద్దరికీ రాత్రిపూట గంట దొరికితే గొప్ప. గ్రహాల పని అలా కాదు. 2010లో టిరానిస్ ఎక్స్‌పాన్షన్‌తో వచ్చిన ఈ పద్ధతిలో గ్రహం మీద కమాండ్ సెంటర్ దింపి, ఎక్స్‌ట్రాక్టర్ (తవ్వే యంత్రం) నాటి, ప్రోగ్రామ్ పెట్టి వెళ్ళిపోవచ్చు. మనం ఆటలో లేనప్పుడూ అది తవ్వుతూనే ఉంటుంది. తర్వాత వచ్చి సరుకు ఎత్తుకోవాలి, అంతే. చోటు గొడవంతా ఆ వచ్చిపోవడం దగ్గరే ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఏం తీయాలన్నది ముందే అనుకున్నాం. ఆటగాళ్ళు కట్టుకున్న స్టేషన్లలో సర్వీసులు నడవాలంటే ఫ్యూయల్ బ్లాకులు కాలాలి. యుద్ధంలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అవి రోజూ కాలుతూనే ఉంటాయి కాబట్టి గిరాకీ ఆగదు. 40 బ్లాకులు వచ్చే ఒక రన్‌కు గ్రహాల నుంచి వచ్చే సరుకులో కూలంట్ 9, మెకానికల్ పార్ట్స్ 4, ఎన్రిచ్డ్ యురేనియం 4, ఆక్సిజన్ 22, రోబోటిక్స్ 1 పడతాయి. మిగతాదంతా ఐసు నుంచి వచ్చే సరుకు, దాని జోలికి మేం పోం. రోబోటిక్స్ ఇంకో మెట్టు పైది, దాన్నీ వదిలేశాం. మిగిలిన నాలుగూ మా సరుకు.

ఇంటర్‌ప్లానెటరీ కన్సాలిడేషన్ అనే స్కిల్ ఇద్దరికీ లెవెల్ 4 ఉంది. అంటే మనిషికి అయిదు గ్రహాలు. 9:4:4 లెక్కకు కూలంట్‌కి రెండు, మెకానికల్ పార్ట్స్‌కి ఒకటి, యురేనియంకి ఒకటి వేసుకుంటే దాదాపు సరిపోతుంది. అయిదోది ఆక్సిజన్‌కి. ఇంత చక్కగా కుదురుతుందని లెక్క మొదలుపెట్టినప్పుడు అనుకోలేదు.

రోజు 3

రెండు రాత్రులు మ్యాపు ముందే గడిచాయి.

గ్రహాలు ఎనిమిది రకాలు. ఒక్కోదాంట్లో అయిదు ముడి పదార్థాలు దొరుకుతాయి. మాకు కావలసిన రకాలు ఇవి. కూలంట్‌కు నీరూ ఎలక్ట్రోలైట్లూ కావాలి. వాటి ముడి రూపాలైన ఆక్వియస్ లిక్విడ్స్, అయానిక్ సొల్యూషన్స్ రెండూ ఒకేచోట దొరికేది గ్యాస్, స్టార్మ్ గ్రహాల్లోనే. మెకానికల్ పార్ట్స్‌కు బేస్ మెటల్స్, నోబుల్ మెటల్స్ కావాలి, అవి బ్యారెన్‌లోనూ ప్లాస్మాలోనూ ఉంటాయి. యురేనియంకు నోబుల్ మెటల్స్, హెవీ మెటల్స్ కావాలి. రెండూ కలిసి ఉండేది ఒక్క ప్లాస్మాలోనే. ప్లాస్మా గ్రహం లేని సిస్టమ్ (ఒక నక్షత్రం, దాని చుట్టూ గ్రహాలు) ఎంత బాగున్నా మాకు పనికిరాదు. సగం మ్యాపు ఈ ఒక్క షరతుతోనే పోయింది.

రెండు పదార్థాలూ ఒకే గ్రహం మీద దొరకాలని ఎందుకు పట్టుబట్టానో పన్నుల లెక్క దగ్గర రాస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చూసుకోని సంగతి ఒకటుంది, గ్రహం వ్యాసార్ధం. కూలంట్ గ్యాస్ గ్రహంలోనూ వస్తుంది, స్టార్మ్‌లోనూ వస్తుంది. కానీ గ్యాస్ గ్రహాలు భారీగా ఉంటాయి. ఎక్స్‌ట్రాక్టర్ నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి లాంచ్‌ప్యాడ్‌కి వేసే లింకులు దూరాన్ని బట్టి పవర్ తింటాయి. అదే పొందిక పెద్ద గ్రహం మీద వేస్తే మిగలాల్సిన పవరంతా లింకులకే పోతుంది. మా కమాండ్ సెంటర్లు లెవెల్ 4, పవర్ 17,000 మెగావాట్లు. రెండు ఎక్స్‌ట్రాక్టర్లకు 5,200, రెండు బేసిక్ ఫ్యాక్టరీలకు 1,600, ఒక అడ్వాన్స్‌డ్ ఫ్యాక్టరీకి 700, లాంచ్‌ప్యాడ్‌కి 700. మొత్తం 8,200. మిగిలిన దాంట్లో ఒక్కో తవ్వే తలకు 550 చొప్పున పద్నాలుగు తలలు పెడితే ఇంకా 1,100 మిగులుతుంది, ఆ 1,100లోనే లింకులన్నీ సర్దాలి. చిన్న గ్రహమైతే హాయిగా సరిపోతుంది. గ్యాస్ గ్రహమైతే తలలు పీకేయాల్సిందే. సీపీయూ సంగతి ఆలోచించే పనే లేదు, సగం కూడా ఖర్చవదు. ఎటు చూసినా పవర్ దగ్గరే పీట ముడి పడుతుంది.

కాబట్టి ఒక ప్లాస్మా, ఒక బ్యారెన్, రెండు స్టార్మ్ ఉండాలి. ఆక్సిజన్‌కి ఐస్ అయినా సరే, మూడో స్టార్మ్ అయినా సరే. అన్నీ ఒకే సిస్టమ్‌లో ఉంటే మేలు, పక్కపక్క సిస్టమ్‌లలో ఉన్నా ఫరవాలేదు.

రోజు 4

మూడు చోట్లు మిగిలాయి. వాటి అసలు పేర్లు రాయను. లోసెక్‌లో, అంటే భద్రత తక్కువున్న సిస్టమ్‌లలో, మనం ఎక్కడ తవ్వుతామో బయట చెప్పుకోవడమంటే వేటగాళ్ళకు దారి చూపడమే. మాలో మేం పెట్టుకున్న పేర్లతోనే పిలుస్తాను.

*వాకిలి*: హైసెక్ (భద్రత ఎక్కువున్న చోటు), జీటాకు నాలుగు జంప్‌లు. గేటు గుండా ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కు దూకడమే ఒక జంప్. *అంచు*: సెక్యూరిటీ 0.5, హైసెక్‌లో ఆఖరి మెట్టు, దాని ఒక గేటు లోసెక్‌లోకి తెరుచుకుంటుంది. *మూల*: అంచు నుంచి రెండు జంప్‌లు లోపలికి, సెక్యూరిటీ 0.2. దానికి ఒక్కటే గేటు. వచ్చిన దారినే పోవాలి.

నల్‌సెక్‌లో (భద్రత అసలే లేని సిస్టమ్‌లలో) నేల ఇంకా సారవంతం, ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఏదో ఒక అలయన్స్ నీడలో ఉండాలి, వాళ్ళు పిలిచినప్పుడు యుద్ధానికి పోవాలి. ఇద్దరు మనుషుల కార్పొరేషన్‌కు అది కుదిరే పని కాదు. వార్మ్‌హోల్ మాట బావ ఎత్తాడు, నేను వద్దన్నాను, అతను ఒప్పుకున్నాడు.

రోజు 6

ఇవాళ పూర్తిగా పన్నుల లెక్క. దీన్ని వివరంగా రాసుకుంటున్నాను, మళ్ళీ మళ్ళీ అవసరమయ్యేది ఇదే.

గ్రహం మీంచి సరుకు పైకి రావాలంటే మామూలుగా కస్టమ్స్ ఆఫీసు దాటాలి. 2011లో క్రూసిబుల్ వచ్చాక లోసెక్‌లో, 2013లో రూబికాన్ వచ్చాక హైసెక్‌లో వీటిని ఆటగాళ్ళ కార్పొరేషన్లు సొంతం చేసుకోవచ్చు. పన్ను శాతం యజమాని ఇష్టం. అది మార్కెట్ ధర మీద పడదు, ఆట నిర్ణయించిన మూల విలువ మీద పడుతుంది. మొదటి శుద్ధి సరుకుకు, అంటే పీ1కు, యూనిట్‌కు 400 ఇస్క్ (ఆటలో డబ్బు). రెండో మెట్టు పీ2కు 7,200 ఇస్క్. కిందికి దించేటప్పుడు పడే పన్ను, పైకి తెచ్చేటప్పటి దానిలో సగం.

హైసెక్‌లో యజమాని పన్నుకు తోడు ఆట తరఫున ఇంకో 10 శాతం ఉంటుంది. కస్టమ్స్ కోడ్ ఎక్స్‌పర్టీజ్ అనే స్కిల్ నేర్చుకుంటే లెవెల్‌కు పదోవంతు చొప్పున అది తగ్గుతుంది. నాకు లెవెల్ 3 ఉంది కాబట్టి 7 శాతం. వాకిలిలో యజమాని పన్ను 5 శాతం. మొత్తం 12.

ఇప్పుడు రెండు దారులు చూద్దాం. మొదటిది: ఒకే గ్రహం మీద రెండు ముడి పదార్థాలూ తీసి, అక్కడే పీ2 చేసి పైకి తేవడం. యూనిట్‌కు పన్ను 7,200లో 12 శాతం, అంటే 864 ఇస్క్. రెండోది: ఒక్కో గ్రహం మీద ఒక్కో పీ1 తీసి, పైకి తెచ్చి, ఫ్యాక్టరీలున్న గ్రహం మీదికి దించి పీ2 చేయడం. ఒక పీ2కు పదహారు పీ1లు పడతాయి. పైకి తెచ్చేందుకు ఒక్కోదానికి 48, పదహారుకు 768. దించేందుకు 24 చొప్పున 384. ఆఖర్న పీ2ను పైకి తేవడానికి మళ్ళీ 864. మొత్తం 2,016.

864 ఎక్కడ, 2,016 ఎక్కడ! పీ1 దారిలో ఒక్కో గ్రహం మీంచి సరుకు ఎక్కువ తీయొచ్చన్నది నిజమే, చాలామంది ఆ దారే నయమంటారు. పన్ను తక్కువ ఉన్నచోట అది చెల్లుతుంది. 12 శాతం దగ్గర మాత్రం నాకు చెల్లదు. రెండు పదార్థాలూ ఒకే గ్రహం మీద ఉండాలని పట్టుబట్టింది ఇందుకే.

లోసెక్‌లో ఆట తరఫు పన్ను లేదు, యజమానిది ఒక్కటే. మూలలో అది 8 శాతం, యూనిట్‌కు 576 ఇస్క్. బావకు ఇది చెప్పగానే "అయితే ఇంకేం, మూలకే పోదాం" అన్నాడు. దారి చూడకుండా మాటివ్వొద్దన్నాను.

రోజు 8

దారి చూశాం.

ఫ్రిగేట్ అనే చిన్న ఓడకు క్లోక్ (ఓడను కనిపించకుండా చేసే పరికరం) బిగించి, అంచు వైపు గేటు నుంచి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో లోసెక్ లోపల కూర్చున్నాను. బావ అవతల, అంచులో. ఇద్దరం వాయిస్‌లో ఉన్నాం.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ లేదు. లోకల్ జాబితాలో, అంటే ఆ సిస్టమ్‌లో ఉన్నవాళ్ళ పేర్లు కనిపించే చాట్‌లో, ఆరుగురు కనిపిస్తున్నారు కానీ గేటు దగ్గర ఎవరూ లేరు. ఆ తర్వాత మూడు ఓడలు వచ్చి గేటుకు దగ్గరగా ఆగాయి. వాటిలో ఒకటి కదల్లేదు, మిగతా రెండూ చుట్టూ తిరుగుతున్నాయి.

"బావా, ఇప్పుడు దూకకు. ముగ్గురున్నారు."

"నేను దూకట్లేదు. కానీ ఇటునుంచి ఎవరో సరుకు ఓడ గేటు వైపు పోతోంది."

గేటు మెరిసింది. దూకి వచ్చిన ఓడ కాసేపు కనిపించదు, ఆట ఇచ్చే ఆ కాస్త క్లోక్‌లో నక్కి ఉంటుంది. నా తెర మీద ఏమీ లేదు. ఆ మూడు ఓడలు మాత్రం ఆగిపోయాయి. గేటు మెరుపు వాళ్ళూ చూశారు. దాదాపు అర నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత ఆ సరుకు ఓడ, గ్రహాల సరుకు మోసే ఎపిథాల్, బయటపడింది. ముక్కు లోపలి గేటు వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. అంతలోనే లాక్ పడింది, వార్ప్ (మెరుపు వేగంతో దూరం వెళ్ళిపోయే వీలు) ఆగిపోయింది. గేటు దగ్గరి తుపాకులు దాడి చేసినవాళ్ళ మీద కాలుస్తూనే ఉన్నాయి, వాళ్ళు దానికి సిద్ధపడే వచ్చారు. ఎపిథాల్ రక్షణ పొరలు షీల్డు, ఆర్మర్, హల్ వరుసగా ఎర్రబడ్డాయి. నేను ఆరు లెక్కపెట్టేలోపు అక్కడ శకలం మిగిలింది.

బావ కాసేపు మాట్లాడలేదు. "కాంకార్డ్ రాదు కదా ఇక్కడికి" అన్నాడు చివరికి. రాదు. కాంకార్డ్ ఆటలో పోలీసు దళం. హైసెక్‌లోనూ అది కాపాడదు, కొట్టినవాణ్ణి శిక్షిస్తుందంతే. ఉయెదామా లాంటి 0.5 సిస్టమ్‌లో సరుకు ఓడలు పేలుతూనే ఉంటాయి. కానీ అక్కడ కొట్టేవాడికి ఓడ పోతుందన్న లెక్క ఉంటుంది, ఇక్కడ ఆ లెక్క లేదు.

అంత చూశాక కూడా మేం మూలను కొట్టేయలేదు. వేర్వేరు సమయాల్లో నాలుగుసార్లు వెళ్ళి కూర్చున్నాం. సాయంత్రం 18 నుంచి 21 గంటల మధ్య (ఆట గడియారం యూటీసీనే) రెండుసార్లూ కాపలా ఉంది. రోజూ 11 గంటలకు సర్వర్ డౌన్‌టైమ్ అయ్యాక మొదటి గంటలో రెండుసార్లూ ఖాళీ. గేటు గడిచి రెండో జంప్ దాటి మూలలోకి వెళ్ళాక లోకల్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒకే గేటున్న సిస్టమ్‌కు దారినపోయేవాళ్ళు రారు. వచ్చినవాడు పనిమీదే వస్తాడు, వస్తే కనిపిస్తాడు.

రోజు 11

ప్రయోగం. వాకిలిలో ఒక బ్యారెన్, మూలలో ఒక బ్యారెన్. రెండింటి మీదా ఒకే పొందిక, ఏడు ఏడు తలలు, రెండు బేసిక్, ఒక అడ్వాన్స్‌డ్ ఫ్యాక్టరీ. కమాండ్ సెంటర్ దింపడానికి ఆ సిస్టమ్‌కు వెళ్ళక తప్పదు. దింపాక మార్పులన్నీ ఎక్కణ్ణుంచైనా చేసుకోవచ్చు.

బేసిక్ ఫ్యాక్టరీ అరగంటకు 3,000 ముడి యూనిట్లు తిని 20 పీ1 ఇస్తుంది. గంటకు 6,000. రెండు బేసిక్‌లు నిండా నడిస్తే అడ్వాన్స్‌డ్ ఫ్యాక్టరీ గంటకు 5 పీ2, రోజుకు 120 ఇస్తుంది. నేల ఎంత సారవంతమైనా ఒక అడ్వాన్స్‌డ్ ఫ్యాక్టరీకి ఇదే పరిమితి.

వాకిలిలో సర్వే తెరిచి చూస్తే తెల్లగా మెరిసే చోట్లు (సరుకు దట్టంగా ఉన్నవి) దాదాపు లేవు. జీటా దగ్గరి గ్రహమంటే అందరూ వచ్చి తవ్వేదే. ఒకరోజు ప్రోగ్రామ్ పెట్టినా రెండో పూటకే ఫ్యాక్టరీ ఆకలితో ఆగిపోతోంది. మూలలో అదే ఒకరోజు ప్రోగ్రామ్‌కు ముడి సరుకు మిగిలిపోతోంది, లాంచ్‌ప్యాడ్‌లో పేరుకుంటోంది.

బావ వెంటనే ఇంకో అడ్వాన్స్‌డ్ ఫ్యాక్టరీ వేద్దామన్నాడు. మొదట నాకూ అదే తోచింది. పవర్ చాలదు, తలలు తగ్గించాలి, మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకోటి ప్రయత్నిస్తున్నాం: ఫ్యాక్టరీలు అలాగే ఉంచి ప్రోగ్రామ్‌ను నాలుగు రోజులకు సాగదీశాం.

రోజు 15

మూల ఫలితం వచ్చింది. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

ఎక్స్‌ట్రాక్టర్ దిగుబడి మొదట్లో ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది. ప్రోగ్రామ్ ఎంత పొడుగైతే గంటకు సగటు అంత తక్కువ. అందుకే హైసెక్‌లో రోజూ వచ్చి ప్రోగ్రామ్ మళ్ళీ పెట్టేవాళ్ళే సంపాదిస్తారు. మూలలో నాలుగు రోజుల ప్రోగ్రామ్ పెట్టినా ఫ్యాక్టరీలు దాదాపు ఆగలేదు. మొదటిరోజు మిగిలిన ముడి సరుకు లాంచ్‌ప్యాడ్‌లో నిలవుండి చివరిరోజు లోటును తీర్చింది. వాకిలిలో రోజూ తలుపు తట్టి తెచ్చుకునే దానికంటే ఎక్కువ సరుకు నాలుగు రోజులకోసారి వెళ్తేనే వచ్చింది.

ఇన్నాళ్ళూ మేం సారవంతమైన నేలంటే ఎక్కువ సరుకు అనుకున్నాం. ఫ్యాక్టరీ పరిమితి ఒకటే అయినప్పుడు ఎక్కువ సరుకు రాదు. నేల సారంతో మాకు దక్కింది తక్కువ ప్రయాణాలు. లోసెక్‌లో భయమంతా గ్రహం మీద కాదు, గేటు దగ్గర. నెలకు ముప్పై సార్లు దాటాల్సిన గేటును ఏడెనిమిది సార్లు దాటితే చాలంటే, ఆ ఏడెనిమిదీ ఖాళీ గంట చూసుకునే దాటొచ్చు. చోటును ఎంచేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న నా దృష్టిలో ఇదే: ఫ్యాక్టరీ ఆగకుండా ఉండాలంటే ఎన్ని రోజులకోసారి వెళ్ళాలి?

సరుకు పరిమాణం కూడా ఇటే మొగ్గింది. పీ1 యూనిట్‌కు 0.19 క్యూబిక్ మీటర్లు, పీ2కు 0.75. పదహారు పీ1లు 3.04 ఆక్రమిస్తాయి, వాటితో చేసిన పీ2 అందులో నాలుగో వంతు. అయిదు గ్రహాలూ పీ2 చేసినా నాలుగు రోజులకు 2,400 యూనిట్లు, 1,800 క్యూబిక్ మీటర్లు. అంటే 45,000 పట్టే ఎపిథాల్ అవసరమే లేదు. క్లోక్ వేసుకునే వార్ప్ అయ్యే బ్లాకేడ్ రన్నర్ అనే ఓడలో పడుతుంది. గేటు దగ్గర ఆ రోజు చూసిన దృశ్యానికి ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇదే రోజు వాకిలి నుంచి చేదు కబురు. అక్కడి కస్టమ్స్ ఆఫీసు యజమాని కార్పొరేషన్ ముందుమాట లేకుండా పన్ను 5 నుంచి 15 చేసింది. ఆట తరఫు 7 కలిపి 22. యూనిట్‌కు 864 కట్టేది 1,584 అయింది. అప్పటికే కింద తయారై ఉన్న సరుకుకు కూడా కొత్త రేటే. హక్కు వాళ్ళదే, కాదనను. కానీ మనిషికి మనిషి చెప్పే ఒక్క మాట లేకపోవడం బాధనిపించింది. అక్కడి నుంచి లేచిపోయాం.

రోజు 17

ఎపిథాల్ పోయింది. బ్లాకేడ్ రన్నర్ స్కిల్ నాకింకా పూర్తి కాలేదు, మూల బ్యారెన్ మీది సరుకు ఎపిథాల్‌లోనే తెస్తున్నాను. సమయం 19:40. ఖాళీ గంట దాకా ఆగకుండా బయల్దేరాను. బావ అవతల లేడు. అంచు గేటు దగ్గర నలుగురు. నాలుగు రోజుల మెకానికల్ పార్ట్స్ పోయాయి. ఆ గంటలో ముందు మనిషి లేకుండా ఆ గేటు దాటకూడదు, దాటాను.

రోజు 18

మూల కస్టమ్స్ ఆఫీసుల యజమానులకు ఆటలోనే మెయిల్ రాశాను. ఇద్దరు మనుషుల కార్పొరేషన్, నాలుగు రోజులకోసారి వస్తాం, ఎవరి మీదా కాల్చం, మీకు ఫ్యూయల్ సరుకు కావాలంటే జీటా ధర కంటే కాస్త తగ్గించి ముందు మీకే ఇస్తాం, స్టాండింగ్ పెట్టి పన్ను తగ్గించగలరా అని. కస్టమ్స్ ఆఫీసులో స్టాండింగ్‌ను, అంటే ఎవరితో ఎంత మైత్రి ఉందన్న గుర్తింపును, బట్టి వేర్వేరు రేట్లు పెట్టుకునే వీలుంటుంది, చాలామంది అడగరు. అడిగితే పోయేదేముంది?

సాయంత్రానికి జవాబు వచ్చింది. 8 నుంచి 5కు తగ్గించారు. యూనిట్‌కు 360 ఇస్క్. పైగా తమవాళ్ళు గస్తీ తిరిగే వేళలు చెప్పి, ఆ సమయంలో లోకల్‌లో పలకరించమన్నారు. వాకిలిలో ఎదురైన దానికి ఇది పూర్తిగా వేరు. ఆ మెయిల్ బావకు చదివి వినిపించాను.

రోజు 19

తేల్చేశాం. తవ్వకం మూలలో, గోదాము అంచులో.

మూలలో మాకు కావలసిన ప్లాస్మా, బ్యారెన్, రెండు స్టార్మ్‌లు ఉన్నాయి. ఆక్సిజన్‌కి ఐస్ గ్రహం ఉంది. రోజుకు 240 కూలంట్ అంటే ఇరవయ్యారు రన్‌లకు సరిపోతుంది, దానికి పట్టే ఆక్సిజన్ ఆరు వందల లోపే. ఒక్క బేసిక్ ఫ్యాక్టరీ రోజుకు 960 ఇస్తుంది కాబట్టి ఐస్ గ్రహం మీద చిన్న పొందిక చాలు. నా అయిదూ బావ అయిదూ ఆ గ్రహాల మీదే. ఒకే గ్రహం మీద ఇద్దరం తవ్వితే నేల పలచబడుతుంది కాబట్టి తలలు ఒకరికొకరు దూరంగా పెట్టుకుంటున్నాం.

సరుకు మూల నుంచి అంచు స్టేషన్‌కు మేమే తెస్తాం. అక్కణ్ణుంచి జీటాలోని ప్రధాన మార్కెట్ స్టేషన్ 4-4కు హైసెక్ దారే. పదిహేను రోజులకోసారి కొరియర్ కాంట్రాక్టు వేస్తాం, ఆ ప్రయాణానికి మా గంటలు ఖర్చు పెట్టం.

మేం ఆలోచించిన ఇంకో సంగతి: జీటా తప్ప వేరే మార్కెట్‌కు దారి ఉందా? 2020లో ఆటలో ట్రిగ్లేవియన్లనే శత్రువుల దండయాత్రలో నియార్జా పోయి, 27 సిస్టమ్‌ల పోచ్వెన్ అనే వేరే ప్రాంతంలో కలిసిపోయింది. అది జీటాకూ, ఇంకో పెద్ద మార్కెట్ అయిన అమార్‌కూ మధ్య హైసెక్ దారిలో ఉన్న సిస్టమ్. అప్పటిదాకా ఆ దారిని నమ్ముకుని కంపెనీలు పెట్టుకున్నవాళ్ళకు ఒక్కసారిగా చుట్టుదారి దిక్కయింది. అంచు నుంచి జీటాకు వెళ్ళే దారుల్లో ఒకటి మూసుకుపోయినా ఇంకోటి ఉందో లేదో చూసుకున్నాం. ఉంది, మూడు జంప్‌లు ఎక్కువ.

రోజు 24

మొదటి పూర్తి లోడు. 11:20కి బావ ముందు దూకాడు, ఫ్రిగేట్‌లో.

"గేటు ఖాళీ. లోకల్‌లో ముగ్గురు, ఇద్దరు మన కస్టమ్స్ వాళ్ళే. వచ్చేయ్."

దూకాను. లోపలి గేటు, మూల. చుట్టుపక్కల ఏముందో చూపే డీ-స్కాన్ దాని గరిష్ఠ దూరం 14.3 ఏయూ దాకా కొట్టి చూశాను, ఓడల్ని వెతికిపట్టే ప్రోబులు లేవు. ప్లాస్మా, బ్యారెన్, రెండు స్టార్మ్‌లు, ఐస్, వరుసగా అయిదు కస్టమ్స్ ఆఫీసులు. ప్రతి ఆఫీసు దగ్గరా సరుకు ఎత్తుకుంటూనే తర్వాతి గ్రహం వైపు ఓడ ముక్కు తిప్పి ఉంచాను. రెండో స్టార్మ్ దగ్గర కొత్త పేరొకటి లోకల్‌లో కనిపించింది. ఆగి చూడకుండా క్లోక్ వేసుకుని సేఫ్ స్పాట్‌కి (ముందే గుర్తుపెట్టుకున్న దాక్కునే చోటికి) వెళ్ళిపోయాను. ఏడు నిమిషాలకు ఆ పేరు పోయింది. అప్పుడు ఐస్ గ్రహం పని ముగించాను.

మొత్తం ముప్పై ఒక్క నిమిషాలు. అంచు స్టేషన్‌లో దింపిన సరుకులో కూలంట్ అనుకున్నదానికంటే కొంచెం తక్కువ. రెండో స్టార్మ్ మీద అయానిక్ సొల్యూషన్స్ పలచగా ఉన్నాయి, తలలు దక్షిణంగా జరిపి మళ్ళీ నాలుగు రోజులు పెట్టాను. బావ గ్రహాల సరుకు ఇంకా కస్టమ్స్ ఆఫీసుల్లోనే ఉంది, అతను రేపు 11 తర్వాత వెళ్తాడు. ఈసారి నేను ముందు దూకాలి.